దెయ్యానికి కారణం ముందే చెబితే

దసరా సెలవులకు మా అక్క కొడుకు వచ్చాడు. ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. రాత్రి భోజనాలయ్యాక ఏదైనా దెయ్యాల సినిమా చూద్దామన్నాడు. ఉత్సాహంగా 'ది షైనింగ్' పెట్టాను. రిమోట్ వాడి చేతికివ్వడం నా తప్పు. తెర మీద కొండల నడుమ చిన్న పసుపుపచ్చ కారు కనిపించిందో లేదో, వాడి బొటనవేలు పనిలోకి దిగింది. పది సెకన్లు ముందుకు, ఇంకో పది సెకన్లు ముందుకు. నేను కళ్లజోడు తుడుచుకుని పెట్టుకునేలోగా కారు హోటలుకు చేరిపోయింది.

"అదేమిటిరా?" అన్నాను.

"కారు వెళ్తోంది, అంతే కదా మామయ్యా! ఏదైనా జరిగితే ఆపేవాణ్ణి."

సినిమా సగానికి వచ్చేసరికి వాడు ఫోనులో తలదూర్చాడు. అయిపోయాక "బాగానే ఉంది కానీ భయం వేయలేదు" అని తీర్పిచ్చాడు. భయం వేసే చోటు నువ్వు దాటించేశావు కదా అని నేను అందుకున్నాను. ఇలాంటి సినిమాకు మొదటి దృశ్యమే ఆయువుపట్టని, అది చూడనివాడికి మిగతాదంతా ఖాళీ డబ్బాలా మోగుతుందని పావుగంట ఉపన్యసించాను. వాడు ఓపికగా విని ఒక్కటే అడిగాడు. "మరి మీరు తొమ్మిదో తరగతిలో మొదటి పది నిమిషాలు చూడని సినిమాకే వారం రోజులు జడుసుకున్నానని చెప్పారు కదా?"

ఆ కథ వాడికి చెప్పింది నేనే. లైటు ఆర్పి పడుకోమన్నాను. వాడు పడుకున్నాడు, నాకే నిద్ర పట్టలేదు. ఆ రాత్రి చెప్పాల్సిన జవాబు రెండు వారాలు ఆలస్యంగా ఇక్కడ రాస్తున్నాను.

పంక్చరైన సైకిలు

ఆ సినిమా పేరు చెప్పను. ఇప్పుడు చూస్తే నవ్వొస్తుంది, పేరు తెలిసి ఒరిగేదీ లేదు. మా బాబాయి సైకిలు వెనక కూర్చుని మొదటి ఆటకు బయలుదేరాను. దారిలో పంక్చరయింది. అతుకు వేయించుకుని హాలుకు చేరేసరికి ఆట మొదలై పది పన్నెండు నిమిషాలయింది. గేటు మనిషి టార్చిలైటు మా కాళ్ల ముందు వేస్తూ వరుసలోకి నడిపించి వెళ్లిపోయాడు.

తెర మీద ఒక పెరడు. ఒకావిడ అంట్లు తోముకుంటోంది. ఆమె వెనకాల బావి గిలక నెమ్మదిగా కదిలింది. తాడు లేదు, చేద లేదు, మనిషి లేడు. కిర్రుమంటూ ఒక చుట్టు తిరిగి ఆగింది. ఆమె తల తిప్పి చూసి, మళ్లీ అంట్లలో పడింది. అంతే. ఆ గిలక ఎందుకు తిరిగిందని బాబాయిని అడిగితే "చూడు, వాళ్లే చెబుతారు" అన్నాడు. చెప్పే ఉంటారు. అప్పటికి నేను బాబాయి భుజంలో మొహం దాచుకుని ఉన్నాను. ఆ వారమంతా మా పెరట్లో బావి దగ్గరికి ఒంటరిగా వెళ్లలేదు. మా గిలక కూడా అలాగే కిర్రుమనేది.

తరువాతి వారం పక్కింటి పిల్లలు అదే సినిమాకు వెళ్తుంటే, పిరికివాడినని తెలిసిపోతుందేమోనని నేనూ వెళ్లాను. ఈసారి మొదటి నుంచీ చూశాను. పాత కాలం, ఒక జమీందారు, ఇంట్లో పనిచేసే అమ్మాయి, ఆ అమ్మాయిని బావిలోకి తోసేయడం, ప్రాణం పోతూ ఆమె చేసిన ప్రతిజ్ఞ. తరువాత పేర్లు పడ్డాయి. తరువాత ఆ పెరడు. గిలక తిరిగింది. నాకు చీమ కుట్టినట్టు కూడా లేదు. "ఆ, ఆవిడే" అనుకున్నాను. జమీందారు మనవడు ఆ ఇంట్లో అడుగు పెట్టినప్పుడు హాలంతా ఈలలు వేసింది. నేనూ వేశాను. దెయ్యానికి భయపడాల్సినవాణ్ణి దెయ్యం పక్షాన చేరిపోయాను.

అప్పుడు బోధపడనిది ఇప్పుడు ఇలా అనిపిస్తోంది. కారణం ముందే చెప్పేసే ఆరంభం భయాన్ని బాకీగా మార్చేస్తుంది. ఎవరు ఎవరికి ఎంత బాకీ పడ్డారో తెలిశాక మనం చూసేది వసూళ్లు. వసూళ్లు ఉత్సాహంగానే ఉంటాయి, కోపం తీరుతుంది, కన్నీళ్లు కూడా వస్తాయి. వెన్నులో చలి మాత్రం పుట్టదు. కాబట్టి నేను పోగొట్టుకున్న పది నిమిషాలు, వాడు దాటించిన మూడు నిమిషాలు ఒక జాతివి కావు.

కారును చూస్తున్నది ఎవరు

'ది షైనింగ్' (1980) మొదటి దృశ్యంలో ఏమీ జరగదన్నది నిజమే. దర్శకుడు స్టాన్లీ కుబ్రిక్ చూపించే కథ కొలరాడోలో నడుస్తుంది కానీ ఈ దారి మోంటానా రాష్ట్రంలోని గ్లేసియర్ నేషనల్ పార్కుది. అంతా హెలికాప్టర్ నుంచి తీసిందే. కెమెరా మొదట ఒక చెరువు మీదుగా జారుతుంది. తరువాత కారును పట్టుకుంటుంది. గద్ద కోడిపిల్లను గమనించినట్టు చాలా ఎత్తు నుంచి, తొందర లేకుండా. ఒకచోట కారు దగ్గరికంటా దిగి, దాన్ని దాటి, దారిని వదిలేసి లోయవైపు వెళ్లిపోతుంది. కారు నడిపే మనిషిని చూడటానికి వచ్చిన కన్నయితే అలా వదిలేసి పోదు. మరి ఎవరి కన్ను అది? సినిమా చెప్పదు.

వినిపించేది 'డీస్ ఈరే' అనే మధ్యయుగాల లాటిన్ కీర్తన బాణీ. చనిపోయినవారి కోసం చేసే ప్రార్థనల్లో పాడేవారు. దాన్ని వెండీ కార్లోస్, రేచెల్ ఎల్కిండ్ సింథసైజర్ మీద బరువుగా, గరుకుగా మలిచారు. మొదటిసారి చూసినప్పుడు నాకీ సంగతి తెలియదు. అయినా ఆ నాలుగు స్వరాలకే గుండె కిందికి జారింది. మన ఊళ్లలో డప్పు దూరం నుంచి వినిపించినా, అది పెళ్లికా చావుకా అని ఎవరినీ అడగం. దెబ్బ తీరులోనే తెలుస్తుంది. బాణీ తెలియకపోయినా దెబ్బ తీరు నాకు అందిందన్నమాట. ఇంకొక చిన్న విషయం: ఆ సినిమాలో పేర్లు మొదట్లోనే కింది నుంచి పైకి పాకుతూ పోతాయి. సినిమా అయిపోయాక చూసే అలవాటున్న పద్ధతి అది.

ఇదంతా నాకు చెప్పిందేమీ లేదు. ఏదో పట్టు తప్పిందని తెలిపింది, అంతే. ఏది తప్పిందో వెతుక్కునే పని నాకు వదిలేసింది. రెండు గంటల పాటు ఆ హోటలు వసారాల్లో నేను మూలమూలలూ వెతుకుతూ కూర్చోవడానికి ఆ మూడు నిమిషాలే కారణం.

మా వాడి పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. ఇప్పుడు ఏ పెళ్లి వీడియో చూసినా డ్రోను కొండల మీద ఎగురుతూనే ఉంటుంది. కింద కారు, కారులో కాబోయే దంపతులు. ఆకాశం నుంచి కారును చూపించగానే వాడికి పెళ్లి పత్రిక గుర్తొస్తే అది వాడి తప్పు కాదు. 1980లో ఎవరిదో తెలియని కన్ను అనిపించింది ఈ రోజు అద్దెకు దొరికే యంత్రం కన్ను. కొన్ని ఆరంభాలకు కాలదోషం పడుతుంది. ఇది రాస్తుంటే బాధగానే ఉంది.

ఆరేళ్ల పిల్లవాడు

కాలదోషం పట్టని ఆరంభం ఒకటి ఉంది. సుమారు 3 లక్షల డాలర్ల చిన్న బడ్జెట్టుతో జాన్ కార్పెంటర్ తీసిన 'హాలోవీన్' (1978).

హాడన్‌ఫీల్డ్ అనే ఊరు, 1963, పిల్లలు ముసుగులు, వేషాలు వేసుకు తిరిగే హాలోవీన్ పండుగ రాత్రి. ఒక ఇంటిని ఎవరో బయటి నుంచి చూస్తున్నారు. ఆ చూసేవారి కళ్లే మన కళ్లు. కిటికీలోంచి ఒక అమ్మాయి, ఆమె స్నేహితుడు కనిపిస్తారు. ఇద్దరూ మేడ మీదికి వెళ్తారు. పైన గదిలో దీపం ఆరుతుంది. మనం ఇంటిని చుట్టి వెనక నుంచి వంటింట్లోకి వెళ్తాం. లైటు వెలుగుతుంది. ఒక చేయి సొరుగు లాగి పెద్ద కత్తి తీసుకుంటుంది. తెర మీద కనిపించే ఆ చేయి నిర్మాత డెబ్రా హిల్‌ది, నటించాల్సిన పిల్లవాడిది కాదు. స్నేహితుడు చొక్కా తొడుక్కుంటూ మెట్లు దిగి వెళ్లిపోతాడు. మనం మెట్లెక్కుతాం. కింద పడి ఉన్న ముసుగును చేయి తీసి తొడుక్కుంటుంది. ఇక్కడి నుంచి తెరంతా నలుపు, రెండు కంటి రంధ్రాల్లోంచి కనిపించేదే మనకు దక్కేది. అద్దం ముందు తల దువ్వుకుంటున్న అమ్మాయి మనవైపు తిరిగి, తెలిసిన మనిషిని గద్దించినట్టు పేరు పెట్టి అరుస్తుంది. కత్తి లేస్తుంది.

ఇక్కడ ఒక తమాషా ఉంది. పొడుస్తున్నప్పుడు ఆ చూపు అమ్మాయిని వదిలి ఒకసారి తన కత్తి వైపే తిరుగుతుంది. ఆ చేయి పైకీ కిందికీ ఆడటాన్ని, తనది కానట్టు, వింతగా చూస్తుంది. ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్లు జలదరించేది అక్కడే.

మెట్లు దిగి వీధిలోకి వస్తాం. కారు ఆగుతుంది, అమ్మానాన్నలు దిగుతారు. నాన్న ముసుగు లాగేస్తాడు. అప్పుడు మొదటిసారి కెమెరా ఎదురుగా వస్తుంది. జోకరు బట్టల్లో ఆరేళ్ల పిల్లవాడు, చేతిలో నెత్తుటి కత్తి. మొహంలో ఏమీ లేదు. అమ్మానాన్నలు కొయ్యబారి నిలబడతారు. కెమెరా వెనక్కి, పైకి వెళ్లిపోతుంది.

సొంత అక్కను ఎందుకు చంపాడు? సినిమా పూర్తయ్యేదాకా చెప్పరు. పదిహేనేళ్లు వైద్యం చేసిన డాక్టరు కూడా చెప్పలేకపోతాడు.

నా వాదనకు దీనికంటే బలమైన సాక్ష్యం ఈ సినిమా తరువాతి చరిత్రే. 1981లో రెండో భాగం వచ్చింది. ఆ పిల్లవాడు పెద్దయి, ఆసుపత్రి నుంచి తప్పించుకుని వెంటాడే లోరీ అనే అమ్మాయి అతని సొంత చెల్లెలని అందులో చెప్పారు. కారణం దొరికింది. దొరికిన క్షణం నుంచి అతను నాకు కుటుంబ సమస్య ఉన్న మనిషిగా కనిపించడం మొదలుపెట్టాడు. 2007లో రాబ్ జోంబీ కొత్తగా తీసినప్పుడు ఇంకా ముందుకెళ్లి, పిల్లవాడి ఇల్లు ఎంత నరకమో, వాడు ఎలా పెరిగాడో మొదట్లోనే తీరికగా చూపించాడు. ఆ పిల్లవాడి మీద నాకు జాలి కలిగింది. జాలిపడ్డాక భయపడటం కష్టం. 2018లో వచ్చిన సినిమా పాత కొనసాగింపులన్నిటినీ పక్కనబెట్టి, ఆ చెల్లెలి సంగతి ఎవరో పుట్టించిన మాట అని ఒక్క ముక్కలో కొట్టిపారేసింది. నలభై ఏళ్ల తరువాత కారణాన్ని బయటికి తోసి తలుపు వేసుకోవాల్సి వచ్చింది.

ఆలస్యంగా వచ్చేవారికి ప్రవేశం లేదు

నా పంక్చరు కథ 'సైకో' తీసిన దర్శకుడు హిచ్‌కాక్ వింటే ఒప్పుకునేవాడు కాదు. 1960లో 'సైకో' విడుదలైనప్పుడు ఆట మొదలయ్యాక ఎవరినీ లోపలికి పంపకూడదని థియేటర్లకు షరతు పెట్టాడు. అంత పట్టుబట్టిన సినిమా ఆరంభంలో ఏముంది? ఫీనిక్స్ నగరం, డిసెంబరు 11, శుక్రవారం, మధ్యాహ్నం 2 గంటల 43 నిమిషాలు అని తెర మీద పడుతుంది. కెమెరా ఒక హోటలు కిటికీ పరదా కిందుగా దూరి లోపలికి వెళ్తుంది. ప్రేమించుకున్న ఇద్దరు, డబ్బు లేక పెళ్లి చేసుకోలేకపోవడం. కాసేపటికి ఆ అమ్మాయి తన యజమాని తాలూకు 40,000 డాలర్లతో పారిపోతుంది. భయం ఊసే లేదు.

అందులోని మాయ నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఆ ఆరంభం మనకు కారణం ఇస్తుంది, కాకపోతే దొంగ కారణం. డబ్బు దొరుకుతుందా, పోలీసు పట్టుకుంటాడా అని మనం లెక్కలు వేసుకుంటూ ఉండగా, ఆ లెక్కకు సంబంధమే లేని చోటు నుంచి కత్తి వస్తుంది. ఆ 40,000 డాలర్లు ఒక పత్రికలో చుట్టి ఉండగానే కారుతో సహా బురదలో మునిగిపోతాయి. కారణం ముందే చెబితే భయం చచ్చిపోతుందని నేను గీసుకున్న గీతను 'సైకో' ఇలా చెరిపేసింది. తప్పుడు కారణం చెబితే భయం రెట్టింపవుతుందేమో.

పొయ్యి మీద పేలాలు

మా వాడికి నచ్చిన ఆరంభాలు వేరే రకం. మరుసటి రాత్రి వాడే ఎంచి 'స్క్రీమ్' (1996) పెట్టాడు. ఈసారి రిమోట్ బల్ల మీద పడి ఉంది, వాడు ముట్టుకోలేదు. ఒంటరిగా ఉన్న అమ్మాయి, పొయ్యి మీద పేలాలు, మోగే ఫోను. అవతలి గొంతు ముందు సరసంగా, తరువాత చనువుగా, ఆ తరువాత ఇంకోలా మారుతుంది. ఆ మార్పుతో పాటే పొయ్యి మీద రేకు పొట్లం ఉబ్బుతూ పోతుంది. కుక్కరు కూతలు లెక్కపెట్టుకునే ఇళ్లవాళ్లం కదా, దాన్ని ఎవరో వచ్చి దించాలని నా చేతులే లేచాయి. ప్రచార చిత్రాల్లో మొహం వేసిన తార డ్రూ బ్యారీమోర్ పన్నెండు పదమూడు నిమిషాలకే చనిపోతుంది.

"చూశారా, ఇది ఆరంభమంటే" అన్నాడు. ఒప్పుకున్నాను. కానీ ఇందులోనూ ఎందుకు అన్నది చెప్పలేదని గుర్తు చేశాను. ఆ ప్రశ్న వాడికి తట్టనే లేదట. నేను గెలిచానో ఓడానో తెలియలేదు.

మన శాపాలు

మన దగ్గర మాత్రం శాపం లేకుండా దెయ్యం రాదు. మన సినిమా అసలు మొదలవడమే సంజాయిషీతో మొదలవుతుంది. పొగాకు ప్రకటన (నన్నడిగితే హాల్లో అన్నిటికంటే భయంకరమైన దృశ్యం అదే), మూఢనమ్మకాలను ప్రోత్సహించడం మా ఉద్దేశం కాదన్న హామీ, ధన్యవాదాల జాబితా. ఆ ఊపులోనే గతం, అన్యాయం, శాపం.

ఇలా వెటకారంగా రాసేస్తుంటే 'విరూపాక్ష' (2023) అడ్డం వచ్చింది. అది కూడా అచ్చంగా అలాగే మొదలవుతుంది. 1979, రుద్రవనం అనే ఊరు. పిల్లలు చనిపోతున్నారు, క్షుద్రపూజలు చేస్తున్నారన్న అనుమానంతో ఊరు ఒక జంటను సజీవంగా తగలబెడుతుంది. పుష్కర కాలానికి ఈ ఊరు వల్లకాడవుతుందని శాపం. తరువాత 1991. నా సిద్ధాంతం ప్రకారం నేను భయపడకూడదు. భయపడ్డాను. ఎందుకని చాలా రోజులు ఆలోచించాను. పుష్కరం అన్న మాటే పని చేసిందనుకుంటాను. పన్నెండేళ్లని ఎవరన్నా ఉలిక్కిపడం. పుష్కరం అంటే అది రావలసిన రోజున వచ్చి తీరుతుంది, నదికి కూడా తప్పదు. కారణం కంటే ఆ గడువే నన్ను పట్టుకుంది. ఈ వివరణ నా సిద్ధాంతాన్ని కాపాడుకోవడానికి అల్లిందేమో అన్న అనుమానం నాకూ ఉంది.

ఇంకా పెద్ద అనుమానం వేరే ఉంది. తీరని కోరికతోనో దుర్మరణంతోనో పోయినవారే దెయ్యాలవుతారన్నది మన ఊళ్ల నమ్మకం. ఇక్కడ దెయ్యమంటే న్యాయం దొరకని మనిషి. అలాంటప్పుడు కారణం లేని దెయ్యం కావాలని అడగడం అరువు కళ్లజోడుతో మన ఇంటిని చూడటం కాదా?

దీనికి జవాబు సినిమాల్లో దొరకలేదు, మా నానమ్మ దగ్గర దొరికింది. మా దొడ్లో వేపచెట్టు మొదట్లో మూడు రాళ్లు ఉండేవి. గోలీలాడుతూ అటు వెళ్తే "ఆ రాళ్లు కదపకండి" అనేది. అంతకుమించి ఒక్క మాట లేదు. ఎందుకని అడిగితే చేతిలో పని చూసుకునేది. ఆమె కథ అక్కడితో మొదలయింది, ఏళ్ల తరబడి అక్కడే ఆగిపోయింది. చీకటి పడితే ఆ మూడు రాళ్లూ నాకు మూడు తలల్లా కనిపించేవి. మూత్రానికి లేవాలన్నా అమ్మను లేపేవాణ్ణి.

నేను కాలేజీలో చేరాక ఒక మధ్యాహ్నం, బియ్యంలో రాళ్లేరుతూ, తనే చెప్పింది. మా నాన్న కంటే ముందు పుట్టిన పిల్ల ఆరోనాడు పోయిందట. అక్కడ పాతిపెట్టారట. గుర్తుండాలని రాళ్లు పెట్టింది తాతయ్యేనట. చెప్పి, చేట విదిలించుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ రాత్రి నేను ఆ చెట్టు పక్క నుంచే నడిచి వెళ్లాను. భయం వేయలేదు, రాళ్ల మీద పడిన ఆకులు తీసేశాను.

నానమ్మ కథకూ కారణం ఉంది. ఆమె దాన్ని చివర పెట్టింది.

మొన్న రాత్రి ఒంటిగంటకు మా వాడి సందేశం వచ్చింది. హాస్టలు గదిలో 'హాలోవీన్' చూశాడట, మొదటి దృశ్యం దాటించలేదట. మేడెక్కిన కుర్రవాడు మరీ ఒక్క నిమిషంలో కిందికి దిగిపోయాడేమిటని వెక్కిరింత ఒకటి. దాని కింద ఇంకో ప్రశ్న. "రెండో భాగంలో కారణం చెబుతారట కదా, చూడనా వద్దా?" చూడమన్నాను. చూశాక రెండింటిలో దేనికి ఎక్కువ భయపడ్డాడో చెప్పమన్నాను. సెమిస్టర్ పరీక్షలట, ఇంకా చూడలేదు.